భూమి ఇస్తామన్నారు, సరే. షరతుల మాటేమిటి?

వెళ్ళినవాళ్ళు బాగుపడ్డారు, వెళ్ళనివాళ్ళు ఎక్కడివాళ్ళు అక్కడే ఉండిపోయారు. ప్రవాస తెలుగువారి ప్రస్తావన వచ్చిన ప్రతిచోటా ఈ మాట చప్పట్లు కొట్టించుకుంటోంది. దానికి ఈమధ్య ఇంకో తోక చేరింది. ఒప్పంద కూలీ పద్ధతి దుర్మార్గమే, ఒప్పుకుంటాం అంటారు. కానీ అది ఆగిపోయాక దక్షిణ అమెరికాలోని బ్రిటిష్ గయానా వంటి వలస రాజ్యాలు, కుటుంబాలతో రండి, ఓడ ఖర్చు మాది, భూమి కూడా ఇస్తాం అని పిలిచాయి కదా! మన జాతీయ నాయకులే పౌరుషానికి పోయి అడ్డుపడ్డారు, సెంటు భూమి లేని పేదవాడి నోటిదగ్గర కూడు లాగేశారు అని ఆ వాదం. పేదవాడి పక్షాన మాట్లాడుతున్నట్టే ఉంటుంది కాబట్టి ఎవరూ ఎదురు చెప్పరు. నేను చెప్పదలచుకున్నాను. ఆ వాదం చరిత్ర ప్రకారమూ తప్పే, న్యాయం ప్రకారమూ తప్పే.

ముందు జరిగింది చూద్దాం. 1838 మే నెలలో విట్బీ, హెస్పరస్ అనే రెండు ఓడలు మనవాళ్ళను మొదటిసారి బ్రిటిష్ గయానా ఒడ్డున దింపాయి. అప్పటి నుంచి 1917 దాకా సుమారు 2 లక్షల 39 వేల మంది వెళ్ళారు. ఎక్కువమంది కలకత్తా రేవు నుంచి, కొంతమంది మద్రాసు రేవు నుంచి. 1917లో కూలీల ఎగుమతి ఆగేసరికి అక్కడి చక్కెర తోటల యజమానులకు కాలూ చెయ్యీ ఆడలేదు. ఆ తర్వాతే ఈ భూమి పథకం పుట్టింది. అటార్నీ జనరల్ జోసెఫ్ నూనన్, అక్కడి శాసనసభలో మొదటి భారతీయ సభ్యుడు జె.ఎ. లక్కూ దాన్ని పట్టుకుని మన దేశానికి వచ్చారు. అడవీ కొండా కలిసి అంత పెద్ద దేశంలో జనాభా 3 లక్షలు, అందులో మనవాళ్ళే లక్షా పాతిక వేలు. భూమికి కొదవ లేదు, మనుషులకే కొదవ అన్నారు.

ఆ మాటలో నిజమెంతో చూసి రమ్మని 1922లో భారత ప్రభుత్వం ముగ్గురిని పంపింది. వారిలో ఒకరు గుత్తి కేశవ పిళ్ళై. అనంతపురం జిల్లా గుత్తిలో ప్లీడరు, 1885లో బొంబాయిలో జరిగిన మొదటి కాంగ్రెసు సభకు హాజరైన మనిషి. రెండోవారు వి.ఎన్. తివారీ, మూడోవారు కీటింజ్ అనే ఆంగ్లేయుడు. కీటింజ్ పథకం వైపు మొగ్గి వేరే నివేదిక రాశాడు. పిళ్ళై, తివారీ మాత్రం తోటల్లో బారకాసుల లాంటి పాత ఇళ్ళను చూశారు, కూలి రేట్లు చూశారు, మురుగు నీళ్ళను చూశారు. ఇప్పటికే ఇక్కడున్న మనవాళ్ళకు ముందు భూమి ఇచ్చి నిలబెట్టండి, కొత్తవాళ్ళ సంగతి ఆ తర్వాత మాట్లాడదాం అన్నది వాళ్ళ తీర్పు సారాంశం. ఇందులో పౌరుషం ఎక్కడుంది? ఆవేశం ఎక్కడుంది? దశాబ్దాల తరబడి చెమటోడ్చిన వాడికే ఇవ్వలేని భూమిని రేపు రాబోయేవాడికి ఇస్తానంటే ఎవడు నమ్ముతాడు?

ఇక మన నాయకులు అడ్డుపడ్డారన్న అభియోగం. 1925లో ప్రభుత్వం తరఫున కున్వర్ మహారాజ్ సింగ్ మళ్ళీ వెళ్ళి చూసి వచ్చారు. 1926లో కొన్ని రక్షణలు చేర్చి కేంద్ర శాసనసభ ఆ పథకానికి అనుమతి ఇచ్చింది. అంటే తలుపు తెరిచే ఉంది. అయినా పథకం నడవలేదు. షరతులు సరిగ్గా అమలు చేయాలంటే అయ్యే ఖర్చు కాలనీ పెట్టుకోలేకపోయింది. నాయకులు అడ్డుకోబట్టి పేదవాడికి భూమి పోయిందన్న కథ ఇక్కడితో కూలిపోతుంది. న్యాయమైన షరతుల మీద భూమి ఇవ్వడం ఆ కాలనీ తాహతుకు మించిన పని, అంతే.

ఆ భూమి ఎలాంటిదో కూడా చెప్పాలి. గయానాలో జనం బతికేది సముద్రం పక్కన సన్నటి పట్టీలో. ఆ నేల పోటు మట్టానికి దిగువన ఉంటుంది. ఒకవైపు సముద్రపు గోడ, వెనకవైపు చిత్తడి నీళ్ళను ఆపే కట్ట, మధ్యలో పొలాలు. ప్రతి పొలం నీరూ కాలువలో పడి కోకర్ అనే తూము దగ్గరికి చేరుతుంది. ఆటు సమయంలో దాని చెక్క తలుపు పైకెత్తితే నీరు సముద్రంలోకి పోతుంది, పోటు రాకముందే దించేయాలి. ఒక్క పూట ఆలస్యమైనా, కాలువలో పూడిక పేరుకున్నా, వరి మునిగిపోతుంది. కోనసీమలో మురుగు కాలువ పూడిపోతే చేను ఏమవుతుందో తెలిసిన రైతుకు ఇంతకన్నా విడమరచి చెప్పక్కర్లేదు. కట్టలూ కాలువలూ తూములూ బాగుచేయించాలంటే చాలా డబ్బు కావాలి, ఆ డబ్బూ అధికారమూ ఉన్నది తోటల యజమానుల దగ్గర. 1880 ప్రాంతంలో ఎసెక్విబో తీరాన హౌస్ట్ డీరెన్ అనేచోట, తిరుగు ఓడ హక్కు వదులుకున్నవాళ్ళకు భూమి ఇచ్చే పథకం పెట్టారు. నీరు పోయే దారి సరిగా లేక అది దెబ్బతింది. 1890ల చివర హెలెనా, విమ్, బుష్ లాట్ అని మళ్ళీ మళ్ళీ ప్రయత్నించారు. పట్టా కాగితం కూలీ చేతికి వచ్చినా, నీటి మీద అధికారం అతని చేతికి రాలేదు.

ఈ బేరంలో కూలీ వదులుకున్నదేమిటో మన సభల్లో ఎవరూ చెప్పరు. తిరుగు ఓడ హక్కు అంటే ఇంటికి వెళ్ళే హక్కు. దానికి కూడా 1898 తర్వాత వెళ్ళినవాళ్ళలో మగవాళ్ళు ఖర్చులో సగం, ఆడవాళ్ళు మూడోవంతు పెట్టుకోవాలన్నారు. ఇంటికి పోయే దారి ఒకపక్క ఖరీదు చేసి, ఇంకోపక్క ఇక్కడే ఉండిపో, నేల ఇస్తా అనడాన్ని ఉదారత అని నేను అనలేను.

మరి కుటుంబాలు? పథకంలో అందరికీ నచ్చిన మాట అదే. దాని వెనక ఉన్నది ఫిజీ కథ. నూరుగురు మగవాళ్ళకు నలభై మంది ఆడవాళ్ళు చొప్పున ఓడ ఎక్కించడం ఆనాటి నియమం. ఆ లెక్క వల్ల కూలీ లైన్లలో ఆడవాళ్ళు పడ్డ నరకాన్ని, ఫిజీ వెళ్ళి చూసి వచ్చిన ఆంగ్లేయులు ఆండ్రూస్, పియర్సన్ 1916లో తమ నివేదికలో బయటపెట్టారు. 1917 జనవరిలో అలహాబాదు సభలో మన హైదరాబాదు ఆడబిడ్డ, ముత్యాల గోవిందరాజులు నాయుడి ఇల్లాలు సరోజినీ నాయుడు ఆ స్త్రీల మానం గురించి మాట్లాడింది. దేశం కదిలింది, పద్ధతి ఆగింది. ఆ దెబ్బకు కాలనీలు వెతుక్కున్న జవాబే ఈ కుటుంబాల మాట. భార్యా పిల్లలూ వెంట ఉన్నవాడు గొడవ చేయడు, కూలి తక్కువైనా తోట వదిలి పోడు, పడవెక్కి తిరిగి రాడు. యజమాని లెక్క ఇది. కుటుంబం కూలీకి ఎంత ఆసరాయో, యజమానికి అంత జామీను.

నేనుండే ఢిల్లీ సరోజినీ నగర్‌కు ఆ మహాతల్లి పేరే. చవక బట్టల కోసం మార్కెట్‌కి వచ్చే వేలమందిలో ఆవిడ 1924లో మొంబాసా దాకా వెళ్ళి తూర్పు ఆఫ్రికా భారతీయుల కాంగ్రెసుకు అధ్యక్షత వహించిందని ఎంతమందికి తెలుసు? అంతకు ముందు ఏడాదే లండన్ ప్రభుత్వం కెన్యా ఎత్తు భూములు తెల్లవాళ్ళకే అని శ్వేతపత్రంలో ఖరారు చేసింది. ఆ దేశానికి రైలు దారి వేసింది మన కూలీలు.

మనవాళ్ళు ఎక్కువగా వెళ్ళిన దక్షిణాఫ్రికాలోని నేటాల్ సంగతి ఇంకా ఘోరం. 1860 నవంబరు 16న ట్రూరో ఓడ మద్రాసు నుంచి డర్బన్ చేరింది. అందులో తెలుగువాళ్ళు ఉన్నారు, తర్వాత ఓడల్లో విశాఖ, గోదావరి, చిత్తూరు ప్రాంతాల నుంచి ఇంకా వెళ్ళారు. తిరుగు ఓడ ఖర్చుకు సరిపడా సర్కారు భూమి తీసుకోవచ్చని అక్కడా 1870 చట్టంలో రాశారు. ఆ భూమి దక్కింది అతి కొద్దిమందికే. 1891లో ఆ నిబంధననే ఎత్తేశారు. 1895లో ఇంకో చట్టం తెచ్చారు. గడువు తీరాక మళ్ళీ ఒప్పందం రాయాలి, లేదా దేశం వదిలిపోవాలి, ఉంటానంటే ఏడాదికి మనిషికి 3 పౌన్ల పన్ను. తర్వాత పదహారేళ్ళు దాటిన కొడుకుకూ, పదమూడేళ్ళు దాటిన కూతురికీ కూడా అదే పన్ను వేశారు. మొదటి ఏడు కూలీ జీతం నెలకు 10 షిల్లింగులు. అంటే ఆరు నెలల జీతం ఒక్క తలకు. భూమి ఇస్తామన్న చట్టసభే పాతికేళ్ళకే ఇంత పని చేసింది. అందులో మన కూలీకి ఓటు లేదు కాబట్టే చేయగలిగింది.

ఫిజీలో భూమిలో ఎక్కువ భాగం అక్కడి ఆదివాసులది, అమ్మకానికి వీల్లేనిది. అది వాళ్ళ హక్కు, దాన్ని నేను తప్పుపట్టను. కానీ చెరకు పండించడానికి మనవాళ్ళను అక్కడ దింపి, సొంత నేల అనేది లేకుండా కౌలు మీదే నిలబెట్టింది వలస ప్రభుత్వం. 1976 చట్టం కింద నడిచిన కౌళ్ళు 1997 నుంచి తీరుతూ వచ్చాయి. తరాలుగా సాగు చేసిన కుటుంబాలు ఇల్లు విప్పుకుని సువా శివార్ల గుడిసెలకు చేరాయి. ఆ రైతుల్లో మన తెలుగు ఇంటిపేర్లవాళ్ళూ ఉన్నారు. ఫిజీకి 1922లో వెళ్ళిన భారత బృందంలో విశాఖపట్నం నాయకుడు బి. వెంకటపతిరాజు ఉన్నారు. వాళ్ళ నివేదికను ప్రభుత్వం అచ్చు వేయనే లేదు.

ఒక ప్రశ్నకు మాత్రం గౌరవంగా జవాబు చెప్పాలి. ఇక్కడ మాత్రం ఏముంది, 1876 కరువు, వెట్టి, అంటరానితనం, వాటికన్నా గయానా నయం కాదా అని దళిత మిత్రులు అడుగుతారు. నిజమే. చాలామందికి నయమే అయింది, చాలామంది కావాలనే ఉండిపోయారు. తర్వాత వరి పండించి, పిల్లల్ని చదివించి, ఎదిగారు. ఆ గొప్పతనం వాళ్ళది. వాళ్ళను మడిలో ముంచిన షరతులకు దాన్ని కట్టబెట్టకండి. ఇక్కడ భూమి లేదన్న బాధకు మందు ఇక్కడే భూమి పంచడం.

ఇది పాత కథ అనుకునేవాళ్ళు మా పేట చుట్టూ చూడండి. పాత క్వార్టర్లు పడగొట్టి ఎత్తైన భవనాలు కడుతున్నారు. ఆ పనికి అడ్డమని తీసేయబోయిన సుమారు 200 గుడిసెలను 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కూల్చకుండా ఆపింది. వాళ్ళకు వేరేచోట ఇస్తారులే అని చదువుకున్నవాళ్ళే తేలిగ్గా అనేశారు. 2006లో ఢిల్లీలోని నాంగ్లా మాచీ బస్తీ నుంచి తరలించిన కుటుంబాలకు ఇచ్చింది ఊరికి దూరంగా సావ్దా ఘెవ్రాలో, పద్దెనిమిది లేదా పన్నెండున్నర చదరపు మీటర్ల ముక్క. మురుగు పోయే ఏర్పాటు కూడా లేదప్పుడు.

ప్రవాస సభలు జరిపే తెలుగు సంఘాలకు ఒక విన్నపం. శాలువాలకు పెట్టే ఖర్చులో కొంత తీసి, కేశవ పిళ్ళై, తివారీల నివేదికను తెలుగులో అచ్చు వేయించండి. వెంకటపతిరాజు బృందం రాసినదాని కోసం ఢిల్లీ జనపథ్‌లోని జాతీయ పురాభిలేఖాగారంలో వలస శాఖ ఫైళ్ళు వెతికించండి. అవి చదివాక కూడా ఆ పథకం మంచిదేనని ఎవరికైనా అనిపిస్తే, అదే వేదిక మీద వాదనకు నేను సిద్ధం.