పానా పడితే పరువు పోతుందా?

ఇంట్లో ఏ వస్తువు ఎక్కడుందో నిద్రలో లేపి అడిగినా చెప్పేది మనమే. పిల్లాడి మూడో తరగతి మార్కుల కాగితాలు, మామగారి పాత కళ్ళజోడు, పోయినేడు ఉగాదికి వాడగా మిగిలిన వేపపువ్వు సీసా... అన్నీ తెలుసు. స్క్రూడ్రైవర్ ఎక్కడుందంటే మాత్రం "ఆయన్నడగాలి" అంటాం. ఆయన ఆఫీసులో ఉంటారు. కుళాయి ఇంట్లో కారుతూ ఉంటుంది.

నాకు ఒళ్ళు మండేది అక్కడే. రోజంతా ఆ కుళాయి తిప్పేది మనం, రాత్రంతా ఆ టపటపలు వినేది మనం, బాగుచెయ్యడం మాత్రం "మగవాళ్ళ పని". ఎవరు పంచారండీ ఈ పనులు?

"ఆడవాళ్ళకి ఈ మరలూ బిగింపులూ అర్థం కావు" అనే మాట నేను పెళ్ళికి ముందూ విన్నాను, తర్వాతా విన్నాను. సరే, చూద్దాం. వంట మధ్యలో గ్యాస్ అయిపోతే 14.2 కిలోల గ్యాసున్న కొత్త సిలిండర్‌ని దొర్లించుకొచ్చి, సీలు తీసి, లోపల రబ్బరు వాషర్ ఉందో లేదో చూసి, రెగ్యులేటర్ బిగించేది ఎవరు? అనుమానం వస్తే సబ్బు నురగ రాసి బుడగలొస్తున్నాయేమో చూసేది ఎవరు? కుక్కర్ పక్కనుంచి ఆవిరి పోతుంటే అది గాస్కెట్ తప్పో వెయిట్ తప్పో చప్పుడు విని చెప్పేది ఎవరు? కుట్టుమిషన్లో దారం ఊరికే తెగుతుంటే సూది మార్చాలో, టెన్షన్ సడలించాలో, బాబిన్ కేసు తుడవాలో తేల్చేది ఎవరు?

గ్యాస్ లాంటి ప్రమాదమైన వస్తువుని మన చేతికి వదిలేసినవాళ్ళే, కుళాయి వాషర్ దగ్గరికొచ్చేసరికి "నీకెందుకు, చేతులు పాడవుతాయి" అంటారు. అన్నం ఆగిపోయే పనైతే మనకి తెలివి ఉన్నట్టు, అన్నం ఆగని పనైతే లేనట్టు!

అయ్యలసోమయాజుల లలిత గారి గురించి మీలో కొందరు చదివే ఉంటారు. మద్రాసులో స్థిరపడిన తెలుగు కుటుంబంలో 1919లో పుట్టారు. 15 ఏళ్ళకి పెళ్ళి, 18 ఏళ్ళకి వైధవ్యం, చేతిలో నెలల పాప. ఆ స్థితిలో గిండీ ఇంజినీరింగ్ కాలేజీలో చేరి 1943లో ఎలక్ట్రికల్ ఇంజినీరు పట్టా తీసుకున్నారు. తర్వాత భాక్రా నంగల్ ప్రాజెక్టు విద్యుత్ పనుల్లో పాలుపంచుకున్నారు. ఆవిడ ఆ రోజుల్లో అంత చదివితే, మనం ఈ రోజుల్లో ఫ్యూజు దగ్గర భయపడి నిలబడటాన్ని సుకుమారం అని ముద్దుచేసుకుంటున్నాం.

తెలియకపోవడానికి మనం చెల్లించే ధర డబ్బొక్కటే కాదు. "పదకొండింటికి వస్తానమ్మా" అన్న ప్లంబర్ కోసం స్నానం వాయిదా, బజారు వాయిదా, బడి నుంచి పిల్లని తెచ్చే పని పక్కింటివాళ్ళకి అప్పగింత. ఆయన నాలుగింటికి వచ్చి పది నిమిషాల్లో చూసి, "మొత్తం మార్చాలమ్మా" అంటాడు. నిజమో కాదో మనకి తెలియదు. ఆ పైన "సార్ లేరా?" అంటాడు. ఇల్లు నడిపేది మనమే అయినా, ఇంటి గురించి మాట్లాడాలంటే సార్ కావాలి! పనివాళ్ళ మీద నాకు కోపం లేదు. అంత దూరం నుంచి చిన్న పనికి రావడం వాళ్ళకీ గిట్టదు. కానీ ఏం పాడైందో మనకి తెలిస్తే ఆ "సార్ లేరా" దానంతటదే పోతుంది.

మొన్న మా పక్కింటి వదినగారి మిక్సీ పప్పు రుబ్బుతూ ఆగిపోయింది. షాపులో చూపిస్తే మోటారు విప్పాలి, రెండ్రోజులు వదిలి వెళ్ళమన్నారట. ఇంటికి తెచ్చి నాకు చూపించారు. ప్లగ్గు తీసి, బోర్లించి, కింద బయటికొచ్చి ఉన్న ఎర్ర బొత్తాం నొక్కాను. అంతే, తిరిగింది. బరువెక్కువైతే మోటారు కాలిపోకుండా కరెంటు ఆపడమే ఆ బొత్తాం పని. కాసేపు చల్లారనిచ్చి నొక్కితే చాలు. వదినగారు నవ్వలేదు. "ఇన్నేళ్ళలో ఎవరూ చెప్పలేదే" అన్నారు. నాకూ నవ్వు రాలేదు.

ఇక్కడ ఒక గట్టి ప్రశ్న ఉంది. నా స్నేహితురాలే అడిగింది: "ఉన్న చాకిరీ చాలక ఇదొకటా? నువ్వు నేర్చుకుంటే ఇక జన్మంతా నీ నెత్తినే."

కొట్టిపారెయ్యదగ్గ మాట కాదు. కానీ లెక్క వేసి చూడండి. కారుతోందని కనిపెట్టింది మనం. నాలుగుసార్లు గుర్తుచేసి "సణుగుడు" అనిపించుకున్నది మనం. ఫోన్ చేసింది, ఎదురుచూసింది, అయ్యాక బాత్రూం కడిగింది మనం. మధ్యలో పానా తిప్పిన పది నిమిషాలకే "రిపేరు" అని పేరు. చాకిరీ అంతా ఇప్పటికే మన నెత్తిన ఉంది, లేనిది ఆ పది నిమిషాలే. అవి చేతికొస్తే మిగతా సగం తగ్గుతుంది. అయితే నాదొక షరతు. నేను పానా పట్టిన రోజు గరిటె ఇంకొకరు పట్టాలి. మా ఇంట్లో అలాగే జరుగుతోంది. నేను ఫ్లష్ ట్యాంకు మూత తీసిన ఆదివారం ఉప్మా మా అబ్బాయి చేశాడు. ఉండలు కట్టింది. తిన్నాం.

రెండో భయం కరెంటు. భయపడాల్సిందే. గీజరు, మైక్రోవేవ్, ఇన్వర్టర్, ఏసీ, గోడలోపలి వైరింగు... వీటి జోలికి నేను వెళ్ళను, మీరూ వెళ్ళకండి. గ్యాస్ విషయంలో రెగ్యులేటర్ దాటి ముందుకి వద్దు. ఏది చెయ్యాలన్నా ముందు మెయిన్ ఆపాలి, తర్వాత టెస్టర్ పెట్టి చూడాలి. ఆ టెస్టర్ పనిచేస్తోందో లేదో కరెంటున్న ప్లగ్గులో ముందే చూసుకోవాలి. కానీ భయానికీ అజ్ఞానానికీ తేడా ఉంది. ఎంసీబీ పడిపోతే ఇంట్లో స్విచ్‌లన్నీ ఆపి, దాన్ని పైకెత్తి, ఒక్కొక్కటే వేసుకుంటూ వస్తే దేని దగ్గర పడిపోతోందో దొరుకుతుంది. "ఏమైందో తెలీదు, రండి" అనే ఫోనూ, "గీజర్ వేస్తేనే పడుతోంది, రండి" అనే ఫోనూ ఒకటి కావు. రెండో ఫోను చేసినావిడని ఎవరూ సార్ లేరా అని అడగరు.

మొదలుపెట్టేవాళ్ళు పెద్ద పనితో మొదలుపెట్టకండి. మొదటి రోజు ఏమీ విప్పొద్దు. ఇల్లంతా తిరిగి నీళ్ళ వాల్వులు ఎక్కడున్నాయో, ఏ ఎంసీబీ ఏ గదిదో కనుక్కుని కాగితం అంటించండి. రెండో రోజు ఫ్లష్ ట్యాంకులో కాస్త నీలిమందు కలిపి అరగంట ఎవరూ వాడకుండా వదిలెయ్యండి. కమోడ్‌లోకి నీలం దిగితే లోపలి రబ్బరు సీలు నీళ్ళు ఆపడం లేదన్నమాట. ఆ తర్వాత కుళాయి. వాల్వు కట్టేసి, కుళాయి తెరిచి ఉన్న నీళ్ళు పోనిచ్చి, పై నట్టు పానాతో విప్పి, లోపలిది బయటికి తియ్యండి. పాత రకమైతే చివర రబ్బరు వాషర్, కొత్త రకమైతే మొత్తం కార్ట్రిడ్జ్ మార్చాలి. తీసిందాన్ని షాపుకి పట్టుకెళ్ళి అలాంటిదే అడగండి, కొలతల గొడవ ఉండదు. పైపు మరకి టెఫ్లాన్ టేపు మర బిగిసే దిక్కుకే చుట్టండి, లేకపోతే బిగిస్తుంటే ఊడొస్తుంది. సెకనుకో చుక్క కారే కుళాయి రోజుకి 86,400 చుక్కలు పోస్తుంది. మిల్లీలీటరుకి 20 చుక్కలనుకున్నా 4 లీటర్ల పైమాట. ఆపడానికి కావలసింది రూపాయి బిళ్ళంత రబ్బరు ముక్క.

సామాను కూడా పెద్దదేం కాదు. ప్లస్సూ మైనస్సూ స్క్రూడ్రైవర్లు, సర్దుబాటయ్యే పానా, కటింగ్ ప్లయర్, టెస్టర్, టేపు. ఇవి ఆయన స్కూటర్ డిక్కీలో కాదు, వంటింట్లో పోపులపెట్టె పక్కన ఉండాలి.

మరో మాట. అమ్మాయిని హాస్టల్‌కి పంపేటప్పుడు ఆవకాయ సీసా సర్దుతాం, కాపురానికి పంపేటప్పుడు చలిమిడీ సారే పెడతాం. ఈసారి అందులో చిన్న పనిముట్ల పెట్టె కూడా పెట్టండి, వాడటం నేర్పి మరీ పెట్టండి. అబ్బాయి ఉంటే వాడికీ ఒకటి ఇవ్వండి, దాంతోపాటు ఒక కుక్కరూ.