రాష్ట్రాలకు వేరుపడే హక్కు ఉన్నదా?

గడచిన సంవత్సరం మన కళాశాల వక్తృత్వ పోటీలో, దేశం నుండి విడిపోయే హక్కు రాష్ట్రాలకు చట్టరీత్యా ఉన్నదా అన్న విషయంపై వాదోపవాదాలు జరిగినవి. ఒక విద్యార్థి మిత్రుడు లేచి, “ఉమ్మడి కుటుంబంలో తమ్ముడు పంపకం కోరితే కోర్టు ఇప్పిస్తున్నది కదా! రాష్ట్రానికి ఆపాటి హక్కు లేదా?” అని అడుగగా హాలు చప్పట్లతో మారుమ్రోగినది. ఎదుటి పక్షం వారు దేశభక్తిని గూర్చి ఆవేశంగా ప్రసంగించినారే గాని ఆ ప్రశ్నకు సమాధానం చెప్పలేదు. ఆ మిత్రునికి మార్కులు ఎక్కువ వేసిన వారిలో నేనూ ఒకడిని. ఇప్పుడు మాత్రం అతనితో వాదించదలచినాను.

ముందుగా ఒక పొరపాటు దిద్దవలె. 2014 జూన్ 2న తెలంగాణ రాష్ట్రం ఏర్పడడాన్ని కొందరు వక్తలు ఉదాహరణగా చూపినారు. అది రాజ్యాంగం 3వ అధికరణం క్రింద పార్లమెంటు చేసిన పునర్విభజన. దేశం నుండి విడిపోవడంతో దానికి సంబంధం లేదు. మన రాజ్యాంగం 1వ అధికరణం భారతదేశాన్ని రాష్ట్రాల యూనియన్ అన్నది. రాష్ట్రాలు తమలో తాము ఒప్పందం చేసుకొనగా ఈ యూనియన్ పుట్టలేదనీ, అందుచేత ఏ రాష్ట్రానికీ వేరుపడే హక్కు లేదనీ 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో డాక్టర్ అంబేద్కర్ వివరించినారు.

అమెరికాలో ఈ వివాదం 1861 నుండి నాలుగేండ్లు యుద్ధరంగంలో నడచినది. తరువాత 1869లో ఒక బాండ్ల దావా రూపంలో సుప్రీంకోర్టుకు వచ్చినది. యుద్ధకాలంలో అమ్ముడుపోయిన బాండ్లను టెక్సాస్ తిరిగి కోరగా, టెక్సాస్ యూనియన్‌ను విడిచినదన్న మాటే చెల్లదని ప్రధాన న్యాయమూర్తి చేజ్ తీర్పునిచ్చినారు. విప్లవం ద్వారా గాని, రాష్ట్రాల సమ్మతితో గాని తప్ప విడిపోవడం సాధ్యం కాదన్నారు. సోవియట్ యూనియన్‌లో దీనికి విపరీతం: 1977 నాటి రాజ్యాంగం 72వ అధికరణం ప్రతి రిపబ్లిక్కుకూ విడిపోయే హక్కునిచ్చినది. ఆ హక్కును వాడుకొనే విధానం చెప్పే చట్టం మాత్రం 1990 ఏప్రిల్ దాకా రాలేదు. అప్పటికే లిథువేనియా స్వాతంత్ర్యం ప్రకటించుకొని ఉన్నది! 1991 డిసెంబరు నాటికి ఆ యూనియనే లేదు.

అయితే ఈ ప్రశ్నను అన్ని వైపుల నుండి పరిశీలించినది కెనడా అని నా అభిప్రాయం. ఫ్రెంచి మాట్లాడేవారు అధికంగా గల క్విబెక్ రాష్ట్రంలో 1980లోను, 1995లోను ప్రజాభిప్రాయ సేకరణ జరిగినది. రెండవసారి, అక్టోబరు 30న, విడిపోరాదన్నవారు 50.58 శాతం, విడిపోదామన్నవారు 49.42 శాతం. తేడా సుమారు 54 వేల వోట్లు! అంతకు కొద్దిదినాల ముందు ఆ రాష్ట్రపు ఉత్తర భాగంలో నివసించే క్రీ ఆదివాసులు తమలో తాము వోటింగు జరుపుకొన్నారు. నూటికి తొంభైఆరుగురు తమ సమ్మతి లేకుండ తమ నేలను కెనడా నుండి వేరు చేయరాదన్నారు. ‘మేము అల్పసంఖ్యాకులము, మా నిర్ణయం మాది’ అని క్విబెక్ అంటున్నది. సరిగా అదే మాట క్రీలు క్విబెక్‌తో అంటున్నారు.

1998 ఆగస్టు 20న కెనడా సుప్రీంకోర్టు తన అభిప్రాయం చెప్పినది. ఏకపక్షంగా విడిపోయే హక్కు దేశీయ చట్టంలో లేదు, అంతర్జాతీయ న్యాయంలోనూ క్విబెక్‌కు లేదు. కాని స్పష్టమైన ప్రశ్నకు స్పష్టమైన మెజారిటీ అవునన్నపుడు, ఆ మాట చెవిన పెట్టకుండ ఉండే హక్కు మిగతా దేశానికీ లేదు. సంప్రదింపులకు కూర్చొనక తప్పదు. ఆ సంప్రదింపులలో అల్పసంఖ్యాకుల రక్షణ ఒక ముఖ్య సూత్రంగా ఉండవలె.

ఇక మన ఉమ్మడి కుటుంబం సంగతి. తమ్ముడు పంపకం కోరవచ్చు, నిజమే. అయితే రాత్రికి రాత్రి నడియింట గోడ కట్టుకొమ్మని ఏ కోర్టూ చెప్పదు. ఇంటి అప్పులు, ముసలి తల్లి వాటా తేలవలె. మన మిత్రుని వాదంలో అన్నదమ్ములిద్దరే ఉన్నారు, తల్లి లేదు. మనబోటి విద్యాసంస్థలకు ఆధారం రాజ్యాంగం 30వ అధికరణం. ఒక రాష్ట్రం తన ఇష్టప్రకారం ఆ రాజ్యాంగం నుండి బయటికి పోగలిగితే, ఆ మరునాడు అక్కడి అల్పసంఖ్యాక కళాశాల ఏ అధికరణాన్ని చూపి నిలువవలె?

అంతమాత్రాన అడిగినవాని నోరు నొక్కుమని నేననడం లేదు. 1962 మేలో అన్నాదురై రాజ్యసభలో ద్రావిడనాడు కోర్కెను బాహాటంగా వినిపించినారు. 1963లో 16వ సవరణ వచ్చినది. పోటీచేసే అభ్యర్థులు దేశ సార్వభౌమత్వాన్ని, సమగ్రతను కాపాడుదుమని ప్రమాణం చేయవలసి వచ్చినది. ఆయన పార్టీ ఆ కోర్కెను విడిచి, 1967 ఎన్నికలలో గెలిచి, మద్రాసులో ప్రభుత్వం ఏర్పరచినది.

కెనడా కోర్టుతో నాకూ ఒక తగవు ఉన్నది. స్పష్టమైన మెజారిటీ అంటే నూటికి ఎంతో అది చెప్పలేదు. 2000లో పార్లమెంటు చేసిన చట్టమూ చెప్పలేదు. యాభై ఒకటా, అరవయ్యా? క్రీలవంటి వారి వోట్లను వేరుగా లెక్కించవలెనా? వచ్చే పోటీకి ఈ విషయాన్నే నిర్ణయించవలసినదిగా కమిటీవారిని కోరుతున్నాను. ఆ విద్యార్థి మిత్రుడు ఈసారి ఏ పక్షాన నిలుస్తాడో వినవలెనని ఉన్నది.