బాకీ కడితే ఐక్యతొస్తదా?

ఓడినోళ్ల అప్పు గెలిచినోళ్లు కట్టాలె. ఎందుకంటే పార్టీ ఒక్కటి కావాలె. 2008 జూన్‌లో అమెరికా డెమోక్రటిక్ పార్టీ పెద్దలు తమవాళ్లకు చెప్పిన నీతి ఇదే. వినడానికి ఇంపుగానే ఉంది. లెక్క విప్పితేనే అసలు ముచ్చట బయటపడుతుంది.

అధ్యక్ష అభ్యర్థిత్వం కోసం బరాక్ ఒబామా, హిల్లరీ క్లింటన్ నెలల తరబడి కొట్లాడారు. జూన్ 7న హిల్లరీ తప్పుకున్నారు. అప్పటికి ఆమె ప్రచారం మీద రెండు కోట్ల డాలర్లకు పైగా అప్పు. అందులో సగం దాకా ఆమె సొంతంగా ఇచ్చుకున్నది, మిగిలింది బయటివాళ్లకు బాకీ. జూన్ 26న వాషింగ్టన్ మేఫ్లవర్ హోటల్లో హిల్లరీ దాతలు కూడితే ఒబామా అక్కడికి వెళ్లారు. తానొక చెక్కు, భార్య మిషెల్ ఒక చెక్కు, చెరి 2,300 డాలర్లు. తెల్లారి న్యూ హాంప్‌షైర్‌లోని యూనిటీ అనే చిన్న ఊళ్లో ఇద్దరూ ఒకే వేదిక ఎక్కారు. ఊరి పేరే ఐక్యత. ప్రైమరీలో అక్కడ ఇద్దరికీ సమానంగా 107 ఓట్లు పడ్డాయి. ముందు చెక్కు, తర్వాత చప్పట్లు. వరుస గమనించండి.

2,300 డాలర్లే ఎందుకు? ఒక మనిషి ఒక అభ్యర్థికి ఒక ఎన్నికలో ఇవ్వగలిగింది అప్పట్లో అంతే. హిల్లరీ పెద్ద దాతలు చాలామంది ఆ హద్దు ఎప్పుడో ముట్టారు. ఇంకో డాలర్ ఇద్దామన్నా చట్టం ఒప్పుకోదు. అందుకే ఎదుటి శిబిరం జేబు కావలసి వచ్చింది. ఐక్యత మాట వెనకున్న అవసరం ఇదీ.

మరి బాకీ ఎవరికి? బయటి బాకీల్లో అన్నిటికన్నా పెద్దది మార్క్ పెన్ సంస్థది, దాదాపు 50 లక్షల డాలర్లు. ప్రచారానికి ప్రధాన వ్యూహకర్త ఆయనే. కొలంబియాతో వాణిజ్య ఒప్పందాన్ని హిల్లరీ వ్యతిరేకిస్తుంటే, అదే ఒప్పందాన్ని గట్టెక్కించే పనికి ఆయన కంపెనీ కొలంబియా సర్కారు దగ్గర కుదిరింది. సంగతి బయటపడి 2008 ఏప్రిల్‌లో ఆయన ఆ బాధ్యత వదులుకున్నారు. పదవి పోయింది, బిల్లు పోలేదు!

ఇంకోవైపు, సభలకు ఏర్పాట్లు చేసిన చిన్న వ్యాపారులు తమ పైసలు రాలేదని మొత్తుకుంటున్నారని ఆ ఏడాది మార్చిలోనే పత్రికలు రాశాయి. వాళ్ల గోస మాకు తెలుసు. సభలు పెట్టినోళ్లం, జెండాలు మోసినోళ్లం. మాట్లాడిన నాయకుడు కారెక్కి పోతడు. తెల్లారి టెంటు కిరాయి, మైకుసెట్టు కిరాయి అడిగేది కింద నిలబడ్డ పోరగాళ్లనే. అందుకే బాకీ ఎగ్గొట్టమని మేం అనం. కట్టాల్సిందే. అయితే ముందు మైకుసెట్టాయనకు, ఆఖరున సలహాదారుకు. దానికి ఐక్యత అని పేరు పెట్టి సామాన్య కార్యకర్త మెడకు చుట్టొద్దంటున్నం.

న్యాయంగా ఒక మాట చెప్పాలి. తన సొంత సొమ్ము కోసం హిల్లరీ చెయ్యి చాచలేదు, దాన్ని వదులుకున్నారు. మిగతా బాకీలు తీరినంక పెన్ సంస్థదే చివరికి మిగిలింది. మొత్తం తీరేసరికి 2012 చివరికొచ్చింది.

ఆ తేదీలే మా వాదనకు సాక్ష్యం. 2008 ఆగస్టులో డెన్వర్ మహాసభలో ఒబామాను ఏకగ్రీవంగా ప్రకటించమని కోరింది హిల్లరీయే. నవంబరులో ఒబామా గెలిచారు. 2009 జనవరిలో ఆమె విదేశాంగ మంత్రి అయ్యారు. అప్పటికీ అప్పు పూర్తిగా తీరలేదు! 2008 జూలైలో న్యూయార్క్ సభలో ఒబామా ఆమె బాకీ గురించి అడగడమే మరిచి, మళ్లీ వేదికెక్కి చెప్పాల్సి వచ్చింది. అయినా పార్టీ చీలలేదు. హిల్లరీకి పడిన కోటీ 80 లక్షల ఓట్లు చెక్కు చూసి కదిలేవి కావు. ఇరాక్ యుద్ధం, ఆరోగ్య బీమా, ఊడిపోతున్న కొలువులు – వాళ్లను కలిపినవి అవి.

ఇది పాత ముచ్చట అని తీసెయ్యకండి. ఎన్నిక అయినంక వచ్చిన విరాళాలతో అభ్యర్థి తన సొంత అప్పులో 2,50,000 డాలర్లకు మించి తీర్చుకోరాదని 2002 చట్టం కట్టడి పెట్టింది. 2022 మేలో టెడ్ క్రూజ్ కేసులో సుప్రీంకోర్టు 6–3తో దాన్ని కొట్టేసింది. గద్దెనెక్కినోని సొంత అప్పు తీర్చడానికి ఇప్పుడు ఎవరు వరుస కడతారో, ఎందుకు కడతారో వేరే చెప్పాల్నా?

నాయకుని అప్పు పార్టీ అప్పే అంటారా? అయితే ఖర్చు పెట్టేముందు పార్టీని అడగాలె. దుకాణం తెరిచేటప్పుడు గుర్తురాని కార్యకర్త, దివాలా తీసినప్పుడు మాత్రం భాగస్వామి ఎట్లయితడు? ముందు బిల్లు చూపించండి, తర్వాత చెయ్యి చాచండి.