అన్నం మానినా ఇన్సులిన్ మానొద్దు

‘జ్వరమొచ్చి రెండు రోజులుగా ఏమీ తినలేదు సార్. తిండే లేనప్పుడు సూది ఎందుకని ఆపేశాం.’ టైప్-1 మధుమేహం ఉన్న పిల్లల్ని ఆయాసంతో తీసుకొచ్చే తల్లిదండ్రులు చెప్పే మాట ఇది. ప్రొద్దుటూరు అయినా, జమ్మలమడుగు, పులివెందుల అయినా తేడా లేదు. బాగా చదువుకున్నవాళ్లూ ఇలాగే అంటారు. అన్నం తింటే చక్కెర పెరుగుతుంది, దాన్ని దించడానికే సూది అన్నది వాళ్ల లెక్క. ఇన్సులిన్ చేసే రెండో పని ఆ లెక్కలో లేదు. ప్రాణం మీదికి వచ్చేది అక్కడే.

ఒంట్లోని కొవ్వు అదుపు తప్పి కరగకుండా పట్టి ఉంచేది కూడా ఇన్సులినే. అది లేకపోతే కొవ్వు కరిగి కాలేయానికి చేరి కీటోన్లుగా మారుతుంది. ఇవి ఆమ్లాలు. రక్తం పీహెచ్ 7.35 నుంచి 7.45 మధ్య ఉండాలి. కీటోన్లు పేరుకుంటే 7.3 కన్నా దిగిపోతుంది, మరీ ముదిరితే 7 కన్నా కిందికి జారుతుంది. దీన్నే డయాబెటిక్ కీటో అసిడోసిస్ అంటాం. జ్వరంలో అడ్రినలిన్, కార్టిసోల్ వంటి హార్మోన్లు పెరిగి ఇన్సులిన్‌కు ఎదురు పనిచేస్తాయి. కాబట్టి తిండి తగ్గినా ఇన్సులిన్ అవసరం చాలామందిలో తగ్గదు, పెరుగుతుంది.

ఇక గుండె సంగతి. గుండె కండరం ముడుచుకోవాలంటే కణంలోని కాల్షియం వెళ్లి ట్రోపోనిన్ అనే ప్రొటీన్‌ను పట్టుకోవాలి. కణంలో ఆమ్లం పెరిగితే ఆ పట్టు సడలుతుంది. కాల్షియం అంతే ఉన్నా పిండే బలం తగ్గుతుంది. కణం ఊరికే ఉండదు, దాని గోడలోని ఒక ద్వారం సోడియంను లోపలికి తీసుకుంటూ ఆమ్లాన్ని బయటికి నెడుతుంది. ఇన్సులిన్ ఈ ద్వారాన్ని చురుగ్గా పనిచేయిస్తుందని ప్రయోగశాలల్లో చూశారు. అంటే ఆమ్లం పెరిగే వేళకే దాన్ని తోడిపోసే సాయమూ తగ్గిపోతుందన్నమాట. పొటాషియం తారుమారై గుండె లయ తప్పే ప్రమాదం దీనికి అదనం.

వందేళ్ల కిందట కండరాన్ని ముడుచుకునేలా చేసేది లాక్టిక్ ఆమ్లమేనని పేరున్న శాస్త్రవేత్తలే నమ్మేవారు. భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి కండరంలో 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏటీపీని గుర్తించాక ఆ నమ్మకం కదిలిపోయింది. కండరానికి శక్తినిచ్చేది ఏటీపీ, ఆమ్లం కాదు.

విపరీతమైన దాహం, మాటిమాటికీ మూత్రం, వాంతులు, కడుపునొప్పి, లోతైన ఆయాసం, నోట్లోంచి మాగిన పండు వాసన. ఇవి కనిపిస్తే ‘గ్యాస్’ అనుకుని మందుల షాపు మాత్రతో పొద్దు పుచ్చకండి. పూట గడిచేకొద్దీ పరిస్థితి చేయి దాటుతుంది.

టైప్-1 ఉన్నవాళ్లు రోజంతా పనిచేసే ఇన్సులిన్‌ను ఏ జ్వరంలోనూ ఆపకూడదు. భోజనానికి ముందు వేసుకునే మోతాదును డాక్టర్‌కు ఫోన్ చేసి మార్చుకోవాలి. మూడు నాలుగు గంటలకోసారి చక్కెర, మూత్రంలో కీటోన్లు చూసుకోవాలి. ఉప్పు వేసిన పలుచటి మజ్జిగ, గంజి, నీళ్లు కొద్దికొద్దిగా తాగించాలి. తాగింది నిలవకపోయినా, కీటోన్లు ఎక్కువగా కనిపించినా వెంటనే ఆసుపత్రికే. భయపడి ఇంట్లోనే సూది మీద సూది వేయకండి, పొటాషియం ఒక్కసారిగా పడిపోతుంది. టైప్-2 వాళ్లలో డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ మాత్రలు వాడేవారికి మాత్రం మాట వేరు. వాంతులు, ఉపవాసాల్లో అవి తాత్కాలికంగా ఆపాల్సి రావచ్చు, ఎందుకంటే చక్కెర పెద్దగా పెరగకుండానే కీటోన్లు చేరొచ్చు. డాక్టర్‌ను ముందే అడిగి పెట్టుకోండి.

కీటోన్ స్ట్రిప్ ఖరీదైన వస్తువేమీ కాదు. తాలూకా స్థాయి ఆసుపత్రుల్లో రాత్రి పూట కూడా కీటోన్, పొటాషియం పరీక్షలు దొరకాలని ప్రభుత్వాన్ని అడగడం మన హక్కు. ఈలోపు మీ చేతిలో ఉన్న పని ఒకటుంది. ఈసారి చెకప్‌కు వెళ్లినప్పుడు, జ్వరమొస్తే ఏం చేయాలో డాక్టర్‌తో కాగితం మీద రాయించుకుని, ఒక కాపీ పిల్లాడి బడిలో ఇవ్వండి.