ఎండాకాలంలో గులాబీని పీకెయ్యకండి

నర్సరీలో ఇంగ్లిష్ గులాబీని వాసన చూసినంక కొనకుండా వచ్చేవాళ్లు తక్కువ. చలికాలమంతా మురిపిస్తుంది. ఏప్రిల్ వచ్చేసరికి పువ్వు రూపాయి బిళ్లంత అవుతుంది, వాసన పోతుంది. "గిది మన ఎండకు ఆగేటట్టు లేదు, పీకి పారేస్త" అని గోదావరిఖనిలో ఉండే మా వదిన మొన్న ఫోన్‌లో అన్నది. "పీకకు వదినా, అది చావలేదు, అలిసిపోయింది" అన్నాను.

ఈ గులాబీలను తయారుచేసింది ఇంగ్లండ్‌కు చెందిన డేవిడ్ ఆస్టిన్. పాత గులాబీల వాసన, కొత్త రకాల్లాగా మళ్లీ మళ్లీ పూసే గుణం రెండూ ఒకే మొక్కలో ఉండాలని ఆయన పట్టుదల. 1961లో వచ్చిన తొలి రకం 'కాన్‌స్టన్స్ స్ప్రై' ఏడాదికి ఒక్కసారే పూసేది. 1983లో వచ్చిన పసుపు రంగు 'గ్రాహం థామస్' మాత్రం సీజన్‌లో మళ్లీ మళ్లీ పూస్తూ ఎన్నో దేశాలకు చేరింది.

అక్కడ చలికి నిద్రపోయే మొక్క ఇక్కడ ఎండకు నిద్రపోతుంది. మన దగ్గర దాని కాలం దసరా నుంచి శివరాత్రి దాకా. ఆదిలాబాద్ చలిని మనం తిట్టుకుంటాం గానీ గులాబీకి కావాల్సింది అదే.

రామగుండం దిక్కు 45 డిగ్రీలు దాటే రోజుల్లో కుండీని పొద్దటి ఎండ తగిలి, మధ్యాహ్నం నీడ పడే చోటికి మార్చండి. మొదట్లో వరిగడ్డి పరచండి. పొద్దున్నే వేళ్లు తడిసేలా నీళ్లు పోయండి. ఈ రెండు నెలలు కొమ్మలు కత్తిరించొద్దు, ఎరువు వెయ్యొద్దు. మొగ్గ వస్తే గిల్లేయండి, మొక్కకు బలం మిగులుతుంది.

ఆదిలాబాద్ నల్లరేగడిలో నీళ్లు నిలిచి వేళ్లు కుళ్లుతాయి. అందుకని రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు ఇసుక, ఒక పాలు బాగా మాగిన పశువుల ఎరువు, గుప్పెడు వేపపిండి కలిపి నాటండి. అంటు కట్టిన చోటుకు కింద నుంచి వచ్చే చిగురును ఎప్పటికప్పుడు తీసెయ్యాలి. వదిలేస్తే అడవి గులాబీ మిగులుతుంది, మీరు కొన్నది పోతుంది. వానల్లో ఆకుల మీద నల్లమచ్చలు కనిపిస్తే ఆ ఆకులు తెంపి దూరంగా పారేయండి.

వానలు వెనక్కి తగ్గినంక, దసరా అయినంక, కొమ్మల్లో మూడో వంతు కత్తిరించి ఎరువు వెయ్యండి. ఆరేడు వారాలకు మొగ్గలు విచ్చుకుంటాయి. వాడిన పూలను వెంటనే తుంచేస్తే మళ్లీ పూత వస్తుంది. అప్పటిదాకా పూలు అడగకండి, నీళ్లు మాత్రం ఆపకండి.