కల్లం కాడి లెక్క – 7: మద్దతు ధర ఒకటే, చేతికొచ్చే ధర ఒకటి కాదు

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, ఈసారి కవిత్వం కాదు, కాంటా గురించి. మీలో చాలామంది ఇండ్లలో వడ్లు పండుతాయి. మీరు క్లాసులో గిరాకీ, సరఫరా చదువుతారు. కల్లంలో మీ నాయిన సంచికి ఎన్ని కిలోలు పోగొట్టుకున్నాడో మాత్రం ఆ పాఠంలో ఉండదు.

ధాన్యం వ్యాపారంలో ‘బేసిస్’ అని ఒక మాట ఉంది. అమెరికాలో మక్కలకు చికాగో ఫ్యూచర్స్ మార్కెట్‌లో ఒక ధర పలుకుతుంది, రైతు ఊరి దగ్గరి గిడ్డంగిలో ఇంకొకటి. ఊరి ధరలోంచి చికాగో ధర తీసేస్తే వచ్చేదే బేసిస్. రవాణా, నిల్వ, స్థానిక గిరాకీ అన్నీ అందులో ఉంటాయి. అక్కడి రైతు ధర ఎంత అని అడిగి ఊరుకోడు, తేడా ఎంత అని కూడా అడుగుతాడు.

మన వడ్లకు అటువంటి ధర లేదు. వడ్లతో సహా ఏడు సరుకుల ఫ్యూచర్స్‌ను సెబీ 2021 డిసెంబరులోనే ఆపేసింది. మనకున్న కొలబద్ద కేంద్రం ప్రకటించే మద్దతు ధర. 2025-26కు క్వింటాలుకు ఏ గ్రేడు 2,389 రూపాయలు, సాధారణ రకం 2,369. వీర్నపల్లిలోనైనా జగిత్యాలలోనైనా కాగితం మీద ఇదే ధర. కాబట్టి మన బేసిస్ అంటే రైతు చేతికొచ్చిన దానికీ ఈ అంకెకూ మధ్య తేడా.

ఆ తేడా ఎట్లా పుడుతుందో లెక్క కట్టి చూద్దాం. సంచికి 40 కిలోల వడ్లు. గోనె బరువు ఆరువందల గ్రాములు అనుకుంటే కాంటా 40.6 చూపాలి. అది 42.6 చూపేదాకా పోయించారనుకోండి. రెండు కిలోలు ‘తరుగు’. రైతు 42 కిలోలిచ్చి 40 కిలోల పైసలు తీసుకున్నాడు. ఏ గ్రేడు వడ్లకు అతనికి నిజంగా పడిన ధర క్వింటాలుకు 2,275. అంటే 114 రూపాయల కోత. పైసలు నెల ఆలస్యమై, ఎరువుల అప్పుకు నూటికి నెలకు రెండు రూపాయల మిత్తి నడిస్తే ఇంకో 45. యాభై క్వింటాళ్ల మీద దాదాపు ఎనిమిది వేలు. హమాలీ ఖర్చు, పరదాల కిరాయి ఇంకా కలపనేలేదు.

‘తాలు ఉంది, తేమ ఉంది, అందుకే కోత’ అంటారు. కొనుగోలు ప్రమాణాలు చదవండి. తేమ 17 శాతం దాటొద్దు. ముడుచుకున్న, పాలు పోసుకోని గింజ 3 శాతం దాటొద్దు. దాటితే ఆరబెట్టమనండి, తూర్పారబట్టమనండి. లోపల ఉంటే పూర్తి ధర కట్టాలి. ఆ ప్రమాణాల్లో ‘సంచికి రెండు కిలోలు’ అనే వరుస లేదు. కేంద్రంలో తూకమైన వడ్లను మళ్లీ మిల్లు కాడ కోసే అధికారం కూడా లేదు.

మరి ఆ గింజలు ఎటు పోతున్నాయి? సర్కారు వడ్లను మిల్లుకు మరాడించడానికి ఇస్తుంది. క్వింటాలుకు 67 కిలోల పచ్చిబియ్యం తిరిగి ఇవ్వాలి. తవుడు, నూకలు, ఊక మిల్లుకే. రాసిన ప్రతి క్వింటాలు వెనక రాయని ఐదు కిలోల వడ్లుంటే, అదే లెక్కన మూడు కిలోల పైచిలుకు బియ్యం ఏ ఖాతాలోనూ ఉండదు. లెక్కలో లేని బియ్యానికి యజమాని ఎవరో చెప్పాల్సింది ఆ బియ్యం ఉన్నవాళ్లే.

ఇక్కడ కొందరు మిత్రులు అడుగుతారు: ‘కోత అందరికీ ఉన్నదే కదన్నా, దీంట్ల కులమెక్కడిది?’

భూమి ఎవరిదో చూడండి. వందెకరాల ఆసామికీ తరుగు పోతుంది, కానీ అతను ఎదురు చూడగలడు, ఫోన్ చేస్తే లారీ వస్తుంది. వడ్ల కుప్ప కాడ కావలి ఉన్న మాదిగ ఇంటికి, తండా ఇంటికి ప్రతి రోజూ ఒక కూలి పోయినట్టే. వాన మబ్బు పట్టిందంటే కల్లంలోకి వచ్చిన సేటు ఏ ధర చెప్తే అదే ధర. 2021 నవంబరులో పక్కనున్న కామారెడ్డి జిల్లా లింగంపేటలో ఒక రైతు వడ్లు అమ్ముకోవడానికి ఎదురుచూస్తూ కుప్ప మీదే ప్రాణం వదిలాడు. ఎదురుచూపుకు అంత ఖరీదు ఉంది.

కౌలుదారు సంగతి ఇంకా ఘోరం. కౌలు ముందే ఖాయమవుతుంది. తరుగు పోయిందని కౌలు తగ్గదు. కోత మొత్తం అతని మిగులులోంచే పోతుంది. వడ్లు పట్టాదారు పేరు మీద పోతే పైసలు పట్టాదారు ఖాతాలో పడతాయి, 2024 వానాకాలం నుంచి సన్నాలకు ఇస్తున్న 500 బోనస్ కూడా. 2011 చట్టం కౌలుదారుకు గుర్తింపు కార్డు ఇవ్వమంది. 2018లో వచ్చిన రైతుబంధు కౌలుదారును లెక్కలోకే తీసుకోలేదు. భూమి లేని కులాల మీద పడే కోతను మార్కెట్ అనొద్దు.

కల్లం మనకు కొత్త కాదు. పంటంతా ఎత్తుకున్నాక అడుగు గింజలు మన వాడకు వదిలిన కాలం ఒకటుంది. 1978లో జగిత్యాల జైత్రయాత్ర నడిచింది భూమి కోసం, కూలి కోసం, వెట్టి పోవాలని. జవాబుగా సర్కారు సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. గడీలు కూలినా కొలిచే చెయ్యి ఇంకా మనది కాలేదు.

ఒక జాగ్రత్త. కోపాన్ని ఐకేపీ కేంద్రం నడిపే అక్కల మీద, సంచులు మోసే హమాలీల మీద చూపొద్దు. వాళ్లలో ఎక్కువమంది మన ఇండ్లవాళ్లే. కమీషన్ మీద, కూలి మీద బతికేవాళ్లు. ‘మిల్లు దించుకోదు’ అనే బెదిరింపు పైనుంచి వస్తుంది.

మద్దతు ధర పెంచాలని ధర్నా చేద్దాం, తప్పదు. కానీ పైన ఇరవై పెంచి కింద నూట పద్నాలుగు కోస్తే గెలిచిందెవరు? ఈ సెలవుల్లో ఊరికి పోయినవాళ్లు ఒక నోటుబుక్కు పట్టుకోండి. తేమ ఎంత, కాంటా మీద ఎంత, రసీదులో ఎంత, ట్రక్ షీట్‌లో ఎంత, పైసలు ఏ తారీఖున ఎవరి ఖాతాలో పడ్డాయి, వడ్లు పండించింది ఎవరు. ఈ ఆరు రాయండి. పది కుటుంబాలవి పక్కపక్కన పెడితే మీ ఊరి బేసిస్ తేలుతుంది. దాన్ని గ్రామసభలో చదవండి, తూనికలు కొలతల అధికారికి, కలెక్టర్‌కు రాతపూర్వకంగా ఇవ్వండి.

మన తాతలకు లెక్క రాదని తక్కువ కొలిచారు. మనకు వచ్చు.

జై భీమ్.

(వచ్చే భాగం: కౌలు కాగితం ఎందుకు రాయరు?)