చెఱసాలలో చికిత్స

స్త్రీలపైనను శిశువులపైనను అత్యాచారము సల్పి శిక్షితులైనవారిలో పెక్కుమంది శిక్షాకాలము ముగియగనే మరల సంఘములోనికే వచ్చెదరు. ఉరికొయ్య తప్ప వేఱుమాట యెఱుగనివారు ఈ సంగతిని మఱచుచున్నారు. వచ్చినవాడు మరల అట్టి ఘోరమునకు ఒడిగట్టకుండుటకు ఉపాయమేమి? ఇంగ్లండు ప్రభుత్వము ఇంచుమించు ఇరువదియైదేండ్లు ఒక సమాధానమును నమ్మి కూర్చుండెను.

1990వ దశకారంభమున అచ్చటి చెఱసాలలలో ఒక చికిత్స మొదలయ్యెను. ఖైదీలను గుంపుగా కూర్చుండబెట్టి, ఎవరి నేరమును వారిచేతనే విప్పి చెప్పించి, బాధితుల వేదనను గ్రహింపజేసి, బుద్ధి మార్చుట దాని పద్ధతి. వినుటకు ఎంత బాగున్నది! కాని 2017 జూన్ మాసమున ఆ దేశపు న్యాయశాఖయే వెలువరించిన పరిశోధన ఈ నమ్మికను కూల్చివైచినది. 2000-2012 సంవత్సరముల నడుమ చికిత్స పొందిన 2,562 మందిని, అది లేని 13,219 మందితో పోల్చి, సగటున ఎనిమిదేండ్లకు పైగా గమనించిరి. మరల లైంగిక నేరము చేసినవారు చికిత్స లేనివారిలో నూటికి 8 మంది. చికిత్స పొందినవారిలో నూటికి 10 మంది! తేడా చిన్నదే. కాని ఆ చిన్న తేడాలో నలిగినవారు మనుష్యులు. నేరస్థులు గుంపుగా చేరి తమ చేతలను చెప్పుకొనుటవలన ఆ చేతలు వారికి సామాన్యములుగ తోచియుండవచ్చునని పరిశోధకులే శంకించిరి. ఆ చికిత్సను ఆ యేటి మార్చిలోనే నిలిపివేసి, హొరైజన్, కైజెన్ అను క్రొత్తవానిని ప్రవేశపెట్టిరి.

ఇంతమాత్రమున చికిత్స యంతయు బూటకమనుట తొందరపాటు. జర్మను పండితులు లోజెల్, ష్ముకర్ అనువారు 2015లో పెక్కు పరిశోధనలను గుదిగ్రుచ్చి చూడగా, చికిత్స పొందినవారిలో నూటికి 10.1, పొందనివారిలో 13.7 మంది మరల నేరము చేసినట్లు తేలెను. అయితే మేలు స్పష్టముగ కనబడినది చెఱసాల వెలుపలను, వైద్యశాలలలోను, చెఱసాలలోపల కాదు. ఇది మిక్కిలి గమనింపదగిన విషయము.

అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రము 1985లోనే ఈ పని మొదలిడి, చికిత్సకు ఒప్పుకొన్నవారిని యాదృచ్ఛికముగ రెండు వర్గములుగ విభజించి, ఒక వర్గమునకే చికిత్స చేసెను. తుదకు ఇరువర్గములకును చెప్పుకొనదగిన భేదము లేదని 2005లో ప్రకటించిరి. ఫలితము నిరాశాజనకమే; పద్ధతి మాత్రము నిజాయితీ గలది. ఇంగ్లండు ఆ పద్ధతి నవలంబింపక వేలమందిపై చికిత్స నడిపెను.

క్రొత్త చికిత్స ప్రవేశపెట్టు ప్రతి ప్రభుత్వమును మొదటినాటినుండియే ఇట్టి పోలికకు సిద్ధపడి, విడుదలయైనవారిని ఏండ్లతరబడి గమనించి, ఫలితము మంచిదైనను చెడ్డదైనను ప్రజలకు వెల్లడింపవలెను. కొందఱికి చికిత్స నిరాకరించుట అన్యాయమని వాదించువారు కలరు. ఆ చికిత్స మేలుచేయునో కీడుచేయునో తేలకమునుపే ఆ మాట యనుటకు వారికి ఆధారమెక్కడిది?